మొదటి ఆప్షన్

కరోనాకు ముందటి ఏడాది మే నెల మొదటి వారంలో మా ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదికి పిలిచి, ఆ సంవత్సరపు అడ్మిషన్ల కన్వీనర్‌గా నియమిస్తున్నట్టు ఒక ఆర్డరు చేతిలో పెట్టారు. అప్పుడు నేను పాల్వంచ నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ శాఖకు ఇన్‌చార్జిని. శాఖ అంటే మరీ ఎక్కువ ఊహించుకోవద్దు. నేను, ఒక గెస్ట్ లెక్చరర్, తాళం పడని ఒక బీరువా. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది.

అడ్మిషన్ల కన్వీనర్ ఏం చేస్తాడో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. డిగ్రీ సీట్లు ఇప్పుడు కాలేజీలు ఇవ్వవు, రాష్ట్రం మొత్తానికి ఒకటే ఆన్‌లైన్ పద్ధతి. ఇంటర్ పాసైన విద్యార్థి ఫోన్ నంబరుతో రిజిస్టర్ చేసుకుని, తనకు కావలసిన కాలేజీలనూ కోర్సులనూ ఒకటి, రెండు, మూడు అని వరుసగా నమోదు చేయాలి. వీటిని వెబ్ ఆప్షన్లు అంటారు. మార్కులు, రిజర్వేషన్ చూసుకుంటూ సిస్టమ్ పైనుంచి కిందికి దిగుతుంది. మొదటి ఆప్షన్‌లో సీటు ఉంటే అక్కడే ఆగుతుంది, లేకపోతే రెండోదానికి వస్తుంది. దారి తెలియని పిల్లలకు సాయం చేయడానికి ప్రతి కాలేజీలో హెల్ప్‌లైన్ అని ఒక గది తెరుస్తారు. కన్వీనర్ ఆ గదికి పెద్ద.

ఇది ఆర్డరులో ఉన్న మాట. ఆర్డరులో లేని మాట ఏమిటంటే, కన్వీనర్ ఊళ్ల మీద పడి పిల్లల్ని పట్టుకురావాలి. తలకు ఇరవై మంది అని ప్రిన్సిపాల్ గారు లెక్చరర్లందరికీ టార్గెట్ పెట్టారు. పీహెచ్‌డీలు చేసినవాళ్లం కరపత్రాల కట్టలు చంకన పెట్టుకుని ఆటోల్లో బయలుదేరేవాళ్లం. యాభై మందికి పాఠం చెప్పడం కంటే ఒక్కణ్ణి పాఠానికి తేవడం ఎంత కష్టమో ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఎకనామిక్స్ చదవాలనుకునేవాళ్లకు మా దగ్గర మూడు దారులుండేవి. మొదటిది హెచ్ఈపీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిసిన బీఏ. ఇందులో లెక్కల జోలికి పోకుండా ఎకనామిక్స్ చెబుతాం, ఉప్పులేని పప్పు వడ్డించినట్టు. ఆకలిగా ఉన్నవాడు అదీ తింటాడు. రెండోది ఈపీపీ. హిస్టరీ తీసేసి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పెడితే అదే. పోటీ పరీక్షలకు పనికొస్తుందని దానికి పేరు. ఆ పేరు పెట్టింది మేమే. మూడోది ఆ ఏడాదే కొత్తగా మంజూరైన ఎంఎస్ఈ: మాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ కలిసిన బీఎస్సీ. నిజంగా ఎకనామిస్టు కావాలనుకునేవాళ్లు చదవవలసింది ఇలాంటి కాంబినేషనే. పెద్ద యూనివర్సిటీల ఎంఏ ఎంట్రన్సుల్లో సగం లెక్కలే ఉంటాయి. హెచ్ఈపీ పిల్లలు ఆ ప్రశ్నపత్రాన్ని చూసి, తప్పు గదిలోకి వచ్చామనుకుని హాల్ టికెట్ మళ్లీ చూసుకునేవారు.

ఎంఎస్ఈ మంజూరు కాగితంలో రెండు వాక్యాలు ముఖ్యమైనవి. ఏ ఏడాదైనా పదిహేను మందికంటే తక్కువ చేరితే కొత్త అడ్మిషన్లు ఆపేస్తారు. స్టాటిస్టిక్స్ లెక్చరర్‌ను త్వరలో నియమిస్తారు. మొదటి వాక్యాన్ని మా విద్యాశాఖ అక్షరాలా అమలు చేస్తుంది. రెండోదానిలోని ‘త్వరలో’ అనే మాటకు మా శాఖలో కాలపరిమితి లేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. లెక్చరర్‌కు వారానికి పదహారు గంటల బోధన ఉండాలి. దాన్ని వర్క్‌లోడ్ అంటారు. తగ్గితే సర్‌ప్లస్ కింద లెక్కగట్టి, ఎక్కడ అవసరముంటే అక్కడికి డిప్యుటేషన్ మీద పంపుతారు. హెచ్ఈపీలో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. ఎంఎస్ఈ నిలబడితే నా గంటలు నిండుతాయి, లేకపోతే నా సామాను కదులుతుంది. ఖమ్మంలో ఇల్లు కట్టుకుని, పొద్దున ఏడింటి బస్సులో కిటికీ పక్క సీటు ఖాయం చేసుకుని సుఖంగా ఉన్న మనిషిని. ఈ ప్రాంతపు పిల్లలకు గణిత ఆధారమైన ఆర్థికశాస్త్రం అందాలని ఆ వేసవిలో నాకు హఠాత్తుగా పుట్టుకొచ్చిన తపనకు కారణం అదీ.

నా ఎంపిక మాత్రం గొప్పగా జరిగిందనుకోకండి. మాది దమ్మపేట దగ్గర వ్యవసాయ కుటుంబం, తాతలు కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నారు. డిగ్రీలో చేరడానికి నేను వారం ఆలస్యంగా వెళ్లేసరికి బీఎస్సీ సీట్లు అయిపోయాయి. బీఏలో ఏ గ్రూపు కావాలని గుమాస్తా అడిగితే, ఏ క్లాసులో ఫ్యాను ఉందని అడిగాను. అలా ఎకనామిక్స్‌లో పడ్డాను. అటువంటివాణ్ణి పిల్లలకు దారి చూపమని కూర్చోబెట్టారు.

ఆప్షన్ల గడువు ఇంకా రెండు రోజులుందనగా, నేను ఎంఎస్ఈ మొదటి ఆప్షన్‌గా రాయించినవాళ్లు పద్నాలుగు మంది తేలారు. పదిహేనో మనిషి కోసం ములకలపల్లి మండలంలో అడవి అంచున ఉన్న ఒక ఊరికి వెళ్లాను. ఆ ఊరమ్మాయి గురుకులంలో ఎంఈసీ, అంటే లెక్కలూ ఎకనామిక్స్ కామర్సులతో ఇంటర్ చదివి, కాలేజీ ఫస్టు వచ్చిందని ఆర్టీసీ కండక్టర్ ఒకాయన చెప్పాడు. పేరు వాసం శ్రీలత.

అది తునికాకు కాలం. బీడీలు చుట్టే ఆకు కోయడానికి తెల్లవారకముందే ఊరంతా అడవిలోకి పోతుంది, ఎండెక్కాక తిరిగొచ్చి కట్టలు కడుతుంది. ఇది తెలియని లెక్చరర్లు పొద్దున పదింటికి ఇస్త్రీ చొక్కాలతో వెళ్లి, కోళ్లకు కరపత్రాలు పంచి వచ్చేవారు. నేను ఈ ప్రాంతం వాణ్ణి కాబట్టి మధ్యాహ్నం నేరుగా కల్లం దగ్గరికి, అంటే కట్టలు ఆరబెట్టే మైదానానికి పోయాను. శ్రీలత తండ్రి రాములు చెట్టు నీడన కూర్చుని ఆకులు దొంతి పెట్టి నారతో బిగిస్తున్నాడు. అమ్మాయి పక్కనే అదే పనిలో ఉంది. నాకొక గోనెసంచి పరిచి కూర్చోమన్నారు.

నాకంటే ముందే పాల్వంచ నుంచి ఒక ప్రైవేటు కాలేజీ మనిషి బండి మీద వచ్చిపోయాడట. అతను ఊళ్లో సగం మంది పిల్లల ఫోన్లు అడిగి తీసుకుని, వాటికొచ్చిన ఓటీపీలతో తన కాలేజీలో బీకాం ఒక్కటే ఆప్షన్‌గా పెట్టేసి, తలా ఒక సంచి ఇచ్చి వెళ్లాడు. శ్రీలత మాత్రం ఫోన్ అన్న దగ్గర ఉందని చెప్పి తప్పించుకుంది. ఫోన్ ఆమె దగ్గరే ఉంది. ఆ తెలివి చూసి నాకు ముచ్చటేసింది. ప్రైవేటు కాలేజీలు పిల్లల బతుకులతో ఎలా ఆడుకుంటున్నాయో ఆ గోనెసంచి మీద కూర్చుని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. బాగా ఇచ్చానని అక్కడివాళ్లు అన్నారు.

రాములు ఒకటే అడిగాడు. “సార్, ఈ ఎకనామిక్స్ చదివితె ఏమైతది? బీకాం చదివితె బ్యాంకుల నౌకరి వస్తదని ఆయన చెప్పిండు.”

బ్యాంకు ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా ఒకటేననీ, ఎకనామిక్స్ లెక్కలతో చదివితే యూనివర్సిటీ దాకా పోవచ్చనీ చెప్పాను. ఇందులో అబద్ధం లేదు. అమ్మాయి అప్పుడు ఇంటికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చింది. తన ఆప్షన్లు తనే రాసుకుంది. మొదటిది హైదరాబాదులో అమ్మాయిల కాలేజీ ఒకటి, హాస్టల్ ఉంది, అందులో ఎకనామిక్స్ ఆనర్స్. ఆనర్స్ అంటే మూడు సబ్జెక్టులు సమానంగా కాకుండా ఒక్క సబ్జెక్టునే లోతుగా చదివే డిగ్రీ. గురుకులంలో వాళ్ల మేడమ్ చెప్పిందట. రెండోది మా ఎంఎస్ఈ. మూడోది మా ఈపీపీ. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక విద్యార్థి రాసుకున్న అంత చక్కని వరుసను నేను చూడలేదు. అందులో తప్పు ఒకటే, మేం రెండో స్థానంలో ఉన్నాం.

మర్నాడు తండ్రీ కూతుళ్లు ఆకు పని మానుకుని కాలేజీకి వచ్చారు. హెల్ప్‌లైన్ గదిలో కంప్యూటర్ ముందు నేనే కూర్చున్నాను. మొదటి ఆప్షన్ దగ్గరికి రాగానే ఆగి, పెద్దమనిషి తరహాలో కుర్చీ వెనక్కి జరిపి, హైదరాబాదు సీటుకు పోటీ చాలా ఎక్కువనీ, అది మొదట పెడితే చేతిలో ఉన్న సీటు కూడా పోవచ్చనీ, ఖాయంగా వచ్చేదాన్ని ముందు పెట్టి ఆ పెద్ద కాలేజీని రెండోది పెడదామనీ చెప్పాను.

ఆమె నోటుబుక్కు వంక చూసుకుని అడిగింది. “సార్, అది మొదట రాసి, రాకపోతె రెండోదిగ ఇది వస్తది కద?”

సరిగ్గా అంతే. పై ఆప్షన్ రానంత మాత్రాన కింది ఆప్షన్‌లో అవకాశం వీసమంతైనా తగ్గదు. ఇష్టమైనదాన్ని మొదట రాయడంలో నష్టమే లేదు. పైగా ఖాయంగా వచ్చేదాన్ని మొదట పెడితే సిస్టమ్ అక్కడే ఆగిపోతుంది, రెండోదాని మొహం కూడా చూడదు. వినియోగదారుడు తన ఇష్టాలను వరుసలో పెట్టుకుని, అందుబాటులో ఉన్నవాటిలో పై వరుసలోదాన్ని ఎంచుకుంటాడని ఏటా జూలైలో బోర్డు మీద గీతలు గీసి చెప్పేవాణ్ణి నేను.

“సిస్టమ్ అలా పనిచెయ్యదమ్మా,” అన్నాను.

ఆమె తండ్రి వైపు చూసింది. రాములు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సార్ పెద్దోడు, ఆయనకు తెల్వదా బిడ్డా. మీకు ఏది మంచిగనిపిస్తె అదే రాయుండ్రి సార్.” ఆమె ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. అంకెలు ఒక్కొక్కటిగా చదివి చెప్పింది, నేను కొట్టాను. పాల్వంచ మనిషి చేసినదానికీ దీనికీ తేడా ఉంది. అతను సంచి ఇచ్చాడు, నేను అదీ ఇవ్వలేదు.

సీట్ల కేటాయింపు వచ్చింది. ఎంఎస్ఈలో సరిగ్గా పదిహేను మంది. స్టాఫ్ కౌన్సిల్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు నాకు శాలువా కప్పి, మారుమూల పల్లెల్లో ఉన్నత విద్యా దీపం వెలిగించానని అన్నారు. ఆ శాలువా పాలిస్టర్‌ది, జూన్ ఉక్కలో మెడంతా దురద పెట్టింది. అదే వారం, ఏ కాలేజీలో ఏ వర్గానికి చివరి సీటు ఎన్ని మార్కుల దగ్గర ఆగిందో చూపే జాబితా కన్వీనర్లకు వచ్చింది. హైదరాబాదు ఆనర్స్‌లో శ్రీలతకు వర్తించే ఎస్టీ కోటా చివరి సీటు ఆమె మార్కులకంటే చాలా కింద ఆగింది. మొదటి ఆప్షన్‌గా రాసి ఉంటే ఆ సీటు ఆమెదే. జాబితా మూసేసి, టీ తెప్పించుకున్నాను.

క్లాసులు మొదలయ్యాయి. స్టాటిస్టిక్స్ లెక్చరర్ త్వరలో రాలేదు. మాథ్స్ లెక్చరర్ గైడు చూసి కొన్నాళ్లు నెట్టుకొచ్చి, తర్వాత తన సిలబస్సే మిగిలిపోతోందని మానేశాడు. శ్రీలత సంభావ్యత, సహసంబంధం వంటి పాఠాలు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకునేది, అర్థం కానివి నా దగ్గరికి తెచ్చేది. స్టాటిస్టిక్స్‌లో నాకు వచ్చింది చాలా తక్కువ. అది దాచడానికి పెద్ద గొంతుతో చెప్పేవాణ్ణి. ఇష్టాల వరుస పాఠం చెప్పిన రోజు మాత్రం నేను బోర్డు వైపు తిరిగే ఎక్కువసేపు మాట్లాడాను. ఆమె రెండో బెంచీలో కూర్చుని అంతా రాసుకుంది. నాకు సిగ్గేసింది. సిగ్గు వల్ల వర్క్‌లోడ్ తగ్గదు కాబట్టి పాఠం పూర్తి చేశాను.

తర్వాతి ఏడాది కరోనా. కాలేజీలు మూతపడ్డాయి, అడ్మిషన్లు వెనక్కి పోయి వానాకాలం చివర్లో మొదలయ్యాయి. కన్వీనర్ మళ్లీ నేనే. ఊళ్లకు పోవద్దని ఆదేశం, పిల్లలు మా గదికి రావడం కూడా కష్టం. కాబట్టి ప్రతి మండలంలో ఫోన్ వాడకం తెలిసిన సీనియర్ విద్యార్థులను వాలంటీర్లుగా పెట్టమన్నారు. ములకలపల్లి వైపు శ్రీలతను పెట్టాను. ఆప్షన్లు ఎలా రాయాలో వివరించే మార్గదర్శక పుస్తకం వాట్సాప్‌లో పంపించి, మన కాలేజీ సంగతి గుర్తుపెట్టుకోమని కూడా రాశాను. ఆ వైపు నుంచి ఆమె ఇరవై రెండు మంది పిల్లల ఆప్షన్లు పూర్తి చేసింది. వాలంటీర్లలో అదే ఎక్కువ. ఎంఎస్ఈ ఈసారి పాతిక దాటుతుందని ప్రిన్సిపాల్ గారికి మాటిచ్చాను.

తొమ్మిది మంది వచ్చారు.

కన్వీనర్ లాగిన్‌లో చూస్తే సంగతి తెలిసింది. ఆ ఇరవై రెండు మందిలో మా ఎంఎస్ఈ రాసినవాళ్లు పన్నెండు మంది, ఒక్కరూ మొదటి ఆప్షన్‌గా రాయలేదు. ఒకరు ఖమ్మంలో బీకాం, ఒకరు వరంగల్‌లో బీఏ, ఇద్దరు హైదరాబాదులో అదే ఆనర్స్, ఇలా ఎవరికి కావలసింది వాళ్లు మొదట రాసుకున్నారు. మార్కులు ఉన్నవాళ్లకు అవే వచ్చాయి. సిస్టమ్ మా దాకా దిగే అవసరం రాలేదు. నెల తిరగకుండా ఎంఎస్ఈలో కొత్త అడ్మిషన్లు ఆపేస్తున్నట్టు ఒక కాగితం, నన్ను సర్‌ప్లస్‌గా చూపుతూ గోదావరి అవతల ఒక కాలేజీకి డిప్యుటేషన్ వేస్తున్నట్టు ఇంకో కాగితం వచ్చాయి. మా శాఖ త్వరగా చేసే పనులూ ఉన్నాయి.

నేను రిలీవ్ కావడానికి ముందు రోజు శ్రీలత స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం వచ్చింది. మాస్కు పెట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడింది. సంతకం పెడుతూ, కోపం కనిపించకుండా, మన కాలేజీని ఎవరి చేతా మొదట ఎందుకు రాయించలేదని అడిగాను.

“ఏది చదవాలనుందో ఒక్కొక్కల్ని అడిగిన సార్. వాళ్లు చెప్పిందే మొదట రాసిన.”

నేను పంపిన మార్గదర్శక పుస్తకం అంతా చదివావా అన్నాను.

“అవ్ సార్. నిరుడే చదివిన. మీ దగ్గరికొచ్చె ముందురోజు. మా మేడమ్ పంపింది.”

చదివితే మరి నా మాట ఎందుకు విన్నావని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

“పుస్తకంల ఒకటుంది, మీరు ఇంకోటి చెప్తున్నరు. మీకు తెల్వకుండ ఉంటదా, పుస్తకమే తప్పేమో అనుకున్న.”

ఫారం తీసుకుని, వస్తనని చెప్పి వెళ్లింది. ఆ గొంతులో కోపం ఉందేమోనని నేను చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మిగతాది కొంచెమే. నేను గోదావరి దాటి వెళ్లి, అక్కడి కాలేజీలో హెచ్ఈపీ చెప్పి, రిటైరయ్యాను. శ్రీలత డిగ్రీ ఫస్టు క్లాసులో పాసై, ఎంఏ ఎంట్రన్సు రాసింది. మొదటిసారి స్టాటిస్టిక్స్ భాగంలో మార్కులు చాలక సీటు రాలేదు. ఒక ఏడాది ఇంటి దగ్గర ఉండి, తునికాకు పనికి పోతూ చదువుకుని, రెండోసారి సాధించింది. అలా పోగొట్టుకున్న ఏడాదిని మా సబ్జెక్టులో అవకాశ వ్యయం అంటారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, నేనే చాలాసార్లు ఇచ్చాను.

ఇప్పటికీ ఇంటర్ పాసైన పిల్లల్ని వెంటబెట్టుకుని తెలిసినవాళ్లు మా ఇంటికి వస్తారు. హెచ్ఈపీయా, ఈపీపీయా, ఆనర్సా, ఏది మంచిదని అడుగుతారు. ఎకనామిక్స్‌లో ముందుకు పోవాలంటే లెక్కలు వదలొద్దని చెబుతాను, స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి ఆ కాలేజీలో నిజంగా ఉన్నాడో లేదో వెళ్లి కళ్లతో చూసి రమ్మంటాను, ఇష్టమైనదే మొదటి ఆప్షన్‌గా రాయమంటాను. ఇవి ఏ మార్గదర్శక పుస్తకంలోనైనా దొరుకుతాయి. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇంకొకటి ఉంది. ఫలానా కోర్సులో చేరమని ఎవరైనా చెబితే, మేం చేరకపోతే మీకేం పోతుందని ఆ మనిషిని అడగాలి. నా సర్వీసు మొత్తంలో ఏ విద్యార్థీ, ఏ తండ్రీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణి కాదు, కానీ తడబడేవాణ్ణి. శ్రీలతకు ఆ తడబాటు సరిపోయేది.